కొలిమి నుంచి జోడేఘాట్ దాకా

కరీంనగర్‌లో హుస్నాబాద్ బస్సెక్కేటప్పటికి నా సంచిలో రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, ఒక పిస్తోలు ఫొటో ఉన్నాయి. రెండేళ్ల కింద అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో చూసిన పిస్తోలు అది. పేరు లిబరేటర్. విమోచకుడు అనుకోవచ్చు. పేరుకు తగ్గ రూపం మాత్రం లేదు. పిల్లలు దీపావళికి కాల్చే రేకు తుపాకీలా ఉంటుంది. అరకిలో బరువు కూడా తూగదు.

రెండో ప్రపంచయుద్ధంలో, 1942 వేసవిలో, అమెరికా ప్రభుత్వం ఈ పిస్తోళ్లను చేయించింది. చేసింది ఆయుధాల ఫ్యాక్టరీ కాదు. ఇండియానా రాష్ట్రంలోని ఆండర్సన్ పట్టణంలో, జనరల్ మోటార్స్ కార్లకు దీపాలు చేసే గైడ్ ల్యాంప్ విభాగం. దాదాపు మూడు వందల మంది పనివాళ్లు పదకొండు వారాల్లో పది లక్షల పిస్తోళ్లు చేశారు. లెక్క కడితే ఒక్కోదానికి ఏడు సెకన్లు కూడా పట్టలేదు. విడి భాగాలు 23. ఖర్చు రెండు డాలర్ల చిల్లర. శత్రువు చేతిలో చిక్కిన దేశాల్లో రహస్యంగా పోరాడే మామూలు మనుషులకు వీటిని చేరవేయాలని ఆలోచన. ఒక అట్టపెట్టెలో పిస్తోలు, పది తూటాలు, ఒక కర్రపుల్ల, ఒక బొమ్మల కాగితం. ఏ భాష వాడికైనా అర్థం కావాలని ఆ కాగితం మీద ఒక్క అక్షరం లేకుండా బొమ్మలే వేశారు. ఒకసారి ఒక్క తూటాయే పేలుతుంది. పేలాక ఖాళీ గొట్టాన్ని ఆ పుల్లతో వెనక్కి పొడిచి తీసి, ఇంకో తూటా పెట్టుకోవాలి. అందులోనే వాళ్ల యుద్ధనీతి ఉంది. ఆ ఒక్క తూటాతో శత్రు సైనికుణ్ని దగ్గర నుంచి కొట్టు, వాడి మంచి తుపాకీ తీసుకో.

చివరికి ఆ పది లక్షల్లో పోరాడేవాళ్ల చేతికి అందినవి తక్కువ. చైనాకు, ఫిలిప్పీన్స్‌కు కొన్ని వెళ్లాయి. మిగిలిన వాటిలో ఎక్కువ భాగాన్ని యుద్ధం అయిపోయాక కరిగించేశారు. మిగిలిపోయిన కాసిని ఇప్పుడు పాత ఆయుధాలు సేకరించేవాళ్లకు బంగారం. అట్టపెట్టె, బొమ్మల కాగితం చెక్కుచెదరకుండా ఉంటే వేల డాలర్లు పెట్టి కొంటారు.

ఆ అద్దాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు నాకు మా ఉత్తర తెలంగాణ గుర్తొచ్చింది. మా దగ్గర కూడా ఒక్క దెబ్బ తుపాకీతోనే మనుషులు రాజ్యాల మీదికి లేచారు. ఆ తుపాకీ పేరు భర్మార్. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే వాడే తీరు ఉంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, ఇనుప కమ్మీతో దట్టించి, సీసపు రవ్వలు వేసి, మళ్లీ పీచు కుక్కి, వెనక కేపు పెట్టి కొట్టాలి. ఒక దెబ్బ అయ్యాక మళ్లీ ఇదంతా మొదటి నుంచి. ఆ తుపాకులు ఏమయ్యాయి? వాటిని చేసిందెవరు? ఇది తెలుసుకుందామనే బయలుదేరాను.

హుస్నాబాద్‌లో దిగి మహమ్మదాపూర్ గుట్టల వైపు వెళ్లాను. మార్చి ఎండ. మోదుగులు పూసి గుట్టంతా ఎర్రగా ఉంది. 1948 మార్చి 14న ఈ గుట్టల్లోనే అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వాళ్ల దళం సహచరులు నిజాం బలగాల కాల్పుల్లో చనిపోయారు. అనభేరి 1910లో కరీంనగర్ దగ్గరి పోలంపల్లిలో భూస్వామి ఇంట పుట్టినవాడు. ఊరూరా తిరిగి పటేలు పట్వారీల దగ్గరున్న భూమి కాగితాలను, అప్పు కాగితాలను చావడి ముందు కుప్ప పోసి తగలబెట్టించాడు. దళం దగ్గర మొదటి ఆయుధం అగ్గిపుల్లే అనిపిస్తుంది నాకు. రైతును కట్టేసింది ఆ దస్తావేజులే కాబట్టి అది తుపాకీ కన్నా బలమైన దెబ్బ.

అంతకు ఆరునెలల ముందు, 1947 సెప్టెంబర్ 11న, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. వీళ్లలో ఎల్లారెడ్డి ఈ జిల్లా మనిషి, గాలిపల్లి ఆయన ఊరు. పిలుపైతే వచ్చింది గానీ చేతుల్లో ఉన్నదేమిటి? గుతపలు, వడిసెలలు, కారంపొడి, అక్కడక్కడ వేటకు వాడే భర్మార్లు. గడీల మీద పడి దొరల తుపాకులు, ఠాణాల మీద పడి పోలీసుల రైఫిళ్లు గుంజుకున్నాకనే దళాలకు ఆయుధ బలం వచ్చింది. అమెరికా వాళ్లు కాగితం మీద గీసుకున్న యుద్ధనీతిని ఇక్కడి జీతగాళ్లు, కౌలుదార్లు ఎవరూ చెప్పకుండానే అమలు చేశారు.

అవతలి వైపు ఎలా ఉండేదో కూడా చెప్పాలి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమాన చోదకుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట తుపాకులు మోసుకొచ్చి నిజాంకు దించిపోయాడు. బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో ఆ విమానాలు దిగేవి. ఆ దొంగ రవాణాకు ఆ తర్వాత బ్రిటన్‌లో అతనికి పడ్డ శిక్ష 200 పౌండ్ల జరిమానా. రాజుకు ఆకాశం నుంచి ఆయుధాలు దిగాయి. ఆ రాజును ఎదిరించిన రైతుకు ఊరి కొలిమే దిక్కయింది.

హుస్నాబాద్‌లో అనభేరి, సింగిరెడ్డి పేర్లతో ఒక భవనం ఉంది. కరీంనగర్‌లో బద్దం ఎల్లారెడ్డి పేరుతో ఇంకొకటి ఉంది. పేర్లు మిగిలాయి, సంతోషం. వాళ్ల భుజాన వేలాడినవి మాత్రం నాకెక్కడా కనిపించలేదు.

మర్నాడు ఎలగందుల ఖిల్లా మీద ఎక్కువసేపు ఆగలేదు. మానేరు పక్కన, ఊపితే ఊగే మినార్లున్న ఆ కోట గురించి చాలామంది రాశారు. 1905లో జిల్లా కేంద్రం అక్కణ్నుంచి కరీంనగర్‌కు మారాక అది జనానికి దూరమైంది. నాకు కావాల్సింది కోట కాదు, కొలిమి.

కొలిమి జగిత్యాల దాటాక దొరికింది. ఊరి పేరు, మనిషి పేరు రాయనని మాటిచ్చాను. డెబ్బై దాటిన కమ్మరి పెద్దాయన, వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నాడు. తిత్తుల కొలిమి పోయి మోటారు కొలిమి వచ్చింది. దాగలి మాత్రం పాతదే, మధ్యలో అరిగి గిన్నెలా గుంట పడింది. కొడుకు ట్రాక్టర్ నాగళ్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. సంచిలోంచి పిస్తోలు ఫొటో తీసి చేతికిచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది గొట్టం పని కాదు సారూ, రేకు పని. అచ్చుల గుద్దిన్రు," అన్నాడు. నిజమే. లిబరేటర్ చాలావరకు రేకును అచ్చుల్లో ఒత్తి అతికించిందే. ఇంజనీర్లు పుస్తకాల్లో రాసింది ఆయన ఒక చూపులో చెప్పాడు.

భర్మార్ గొట్టం ఎలా చేసేవాళ్లని అడిగాను. చేత్తో గాలిలో చూపించాడు. ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి ఒక కమ్మీ చుట్టూ జానెడు జానెడుగా చుట్టాలి, అంచులు తెల్లగా మండే దాకా కాల్చి సమ్మెటతో అతకాలి, కమ్మీ లాగేసి మళ్లీ కాల్చాలి. ఒక్క చోట అతుకు సరిగా పడకపోతే కాల్చినవాడి మొహం మీదే పగులుతుంది. అందుకే మొదటి దెబ్బ చేసినవాడే కాల్చి చూపేవాడట, తుపాకీని చెట్టుకు కట్టేసి, ట్రిగ్గర్‌కు తాడు కట్టి దూరం నుంచి లాగి.

"మీ ఇంట్లో చేశారా?"

కొంచెం ఆగాడు. "మా తాత చేసిండంటరు. ఎవలకు చేసిండో ఇంట్ల ఎవ్వలు చెప్పలె. చెప్తే పాణం పోవు గదా సారూ. ఇప్పుడేమో అడిగేటోళ్లు లేరు."

ఈ ప్రయాణం మొత్తంలో నేను విన్న అతి ముఖ్యమైన మాట ఇదే. లిబరేటర్ మీద కూడా చేసినవాడి పేరు ఉండదు, నంబరు ఉండదు. శత్రువుకు దొరికితే ఎక్కడిదో తెలియకూడదని కావాలనే వేయలేదు. గుట్టు బయటపడకుండా కాగితాల్లో సైతం దాన్ని వెలుగు రవ్వలు ఎగజిమ్మే పరికరంగా రాసుకున్నారు. ఇక్కడి కమ్మరి కూడా అదే చేశాడు. పేరు చెక్కలేదు, నోరు విప్పలేదు. తేడా ఎక్కడుందంటే, అక్కడ లెక్కల పుస్తకం మిగిలింది. నమూనా గీతలు, సంఖ్యలు, ఖర్చు, రూపకర్త జార్జ్ హైడ్ పేరు, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఇక్కడ లెక్కల పుస్తకమంటూ ఒకటుంటే అది ఆ తాత నోరే. ఆయనతోనే కాలిపోయింది.

కోరుట్ల, మెట్‌పల్లి దాటి కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం వైపు మళ్లాను. ఇది నిజామాబాద్ జిల్లాది, అయినా ఈ దారిలో దీన్ని వదిలి వెళ్లలేం. ప్రపంచం డమాస్కస్ కత్తి అని పొగిడే కత్తికి ఉక్కు ఇక్కడి మూసల్లో కరిగింది. ఇంగ్లిషు వాళ్లు వూట్జ్ అనే మాట మన ఉక్కు నుంచి పుట్టిందే. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి పనితీరును కళ్లారా చూసి రాసిన వివరం ఆయన చనిపోయాక 1832లో అచ్చయింది. ఈ ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి ఊళ్లో మకాం వేసేవాళ్లని అందులో ఉంది. 2010లో పురావస్తు, లోహశాస్త్ర పరిశోధకులు కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో ఇనుము కరిగించిన చాలా చోట్లు తిరిగి నమోదు చేశారు. ఊరి బయట చిట్టెపు దిబ్బల మీద నడిస్తే కాళ్ల కింద గాజులా కరకరమంటుంది. వందల ఏళ్లు ప్రపంచానికి కత్తి అందించిన పనితనం ఇది. కత్తి ఎక్కడో మ్యూజియంలో ఉంది, దాని వన్నె గురించి పుస్తకాలున్నాయి. మూస ముందు కూర్చుని చెమటోడ్చిన వాడి పేరు ఆ పుస్తకాల్లో వెతికినా దొరకదు. కమ్మరి తాత కథ కొత్తది కాదన్నమాట.

సోన్ దగ్గర గోదావరి దాటితే నిర్మల్. అందరికీ ఇది బొమ్మల ఊరు. పొనికి కర్రతో చేసిన పండ్లు, పక్షులు, జింకలు. అదే ఊళ్లో ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులు పోతపోసేవాళ్లు. ఊరి చుట్టూ గఢ్‌లు కట్టించిన కాలంలో ఫ్రెంచి ఇంజనీర్ల హస్తం కూడా ఉందని చెబుతారు. ఒక వీధిలో చంటిపిల్లకు చిలక, ఇంకో వీధిలో సైన్యానికి ఫిరంగి.

ఆ ఫిరంగులు ఎవరి మీద ఎక్కుపెట్టి ఉన్నాయో తెలియాలంటే ఎల్లపెల్లి దారిలో వెళ్లాలి. వెయ్యి ఉరుల మర్రి ఉండిన చోటు అది. 1857 తిరుగుబాటు దేశంలో చల్లారుతున్న రోజుల్లో రాంజీ గోండు ఇక్కడి అడవుల్లో గోండుల్ని, రోహిల్లాల్ని కలుపుకుని ఇంగ్లిషు వాళ్ల మీద, నిజాం మీద లేచాడు. 1860 ఏప్రిల్ 9న ఆయన్ని, వెయ్యిమంది అనుచరుల్ని ఒకే మర్రికి ఉరితీశారని ఈ ప్రాంతం చెప్పుకుంటుంది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. నేను వెళ్లిన రోజు విగ్రహం కింద ఇద్దరు బడిపిల్లలు ఐస్‌ఫ్రూట్ చీకుతూ కూర్చున్నారు. పక్కనే పూలమ్మే ఆమెను మర్రి ఎక్కడుండేదో అడిగితే, దుకాణం వదిలేసి నాలుగడుగులు నడిచొచ్చి దారి చూపించింది. నిర్మల్ మరిచిపోలేదు.

మహబూబ్ ఘాట్ ఎక్కి, నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా ఇంద్రవెల్లి. అమరుల స్తూపం ముందు దిగి చెప్పులు విప్పాను. 1981 ఏప్రిల్ 20న ఇక్కడ మీటింగుకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన చావులు 13. ఆ లెక్కను ఈ చుట్టుపక్కల ఎవరూ నమ్మరు. దీని గురించి ఇంతకన్నా రాయను. ఆ రోజు వచ్చినవాళ్లు భూమికి పట్టాలు అడగడానికి వచ్చారు, యుద్ధానికి రాలేదు.

ఉట్నూర్ దాటి, జైనూర్ దగ్గర మార్లవాయి. ఇక్కడ ఒక ఆస్ట్రియా మనిషి సమాధి ఉంది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేటప్పటికి ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. దాంతో బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని ఆంక్ష పడింది. ఆ ఆంక్ష గోండుల పాలిట మేలయింది. కొమరం భీం నడిపిన జోడేఘాట్ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తేల్చమని నిజాం ప్రభుత్వం ఆయన్నే అడిగింది. ఈ పల్లెల్లో ఉండి, నడిచి, గోండి నేర్చుకుని, భూమి గుంజుకోవడమే కారణమని రాశాడు. మార్లవాయిలో బడి పెట్టించాడు. భార్య బెట్టీ 1987లో పోతే ఇక్కడే పాతిపెట్టారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. ఆయన చితాభస్మాన్నీ తెచ్చి ఆమె పక్కన పెట్టారు. అదే ప్రపంచయుద్ధం ఆండర్సన్‌లో పది లక్షల పిస్తోళ్లను పుట్టించింది. ఈ కొండల్లో ఒక బడిని పుట్టించింది. వాటిలో దేనివల్ల ఎక్కువమందికి విముక్తి దొరికిందంటే నా ఓటు బడికే.

కెరమెరి ఘాట్ దిగి హట్టి దగ్గర తిరిగితే జోడేఘాట్ దారి. ఇప్పుడు రోడ్డుంది. చుట్టూ పత్తి చేలు, పైన టేకు అడవి. ఎక్కే కొద్దీ ఫోన్‌లో సిగ్నల్ పోయింది.

కొమరం భీం 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో పుట్టాడు. పంట కోతకొచ్చాక జమీను నాదని వచ్చిన సిద్దిఖీ అనే వాడితో గొడవలో ఆ మనిషి చనిపోతే, భీం పారిపోయి అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లాడు. తిరిగొచ్చి బాబేఝరి, జోడేఘాట్ చుట్టూ పన్నెండు గూడేలను కూడగట్టాడు. అడవి కొట్టి చదును చేసుకున్న భూమి తమదేనన్నాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట ఇక్కడ నుంచే దేశమంతా పాకింది. 1940లో నిజాం పోలీసులు రైఫిళ్లతో గుట్ట ఎక్కి ఆయన్ని, సహచరుల్ని కాల్చి చంపారు. గోండులు ఏటా ఆశ్వయుజ పున్నమినాడు ఇక్కడ వర్ధంతి జరుపుతారు.

గుట్ట మీద 2016లో తెరిచిన మ్యూజియం ఉంది. బయట భీం విగ్రహం. ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దాకా ఆయన్ని మనం తుపాకీ పట్టుకున్న వీరుడిగానే నిలబెట్టుకున్నాం. నీడన కూర్చున్న ఒక గోండు పెద్దాయనకు నా ఫొటో చూపించి కథంతా చెప్పాను. తలపాగా సర్దుకుంటూ విన్నాడు.

"గన్ని చేసి ఎవలకూ ఇయ్యలేదా?" అన్నాడు.

చాలావరకు ఇవ్వలేదన్నాను.

"మావోళ్ల దగ్గర నాలుగైదు భర్మార్లు ఉండెనంటరు. గొడ్డళ్లు, బాణాలు. వానకు మందు తడిస్తే అవి గూడ కట్టెలే." కాసేపటికి మళ్లీ అన్నాడు. "ఇప్పుడు అవి కావాల్నంటే యాడ దొరుకుతయ్? మా తాత దాన్ని బావిల ఏసిండు. పోలీసులు ఇల్లిల్లు దేవులాడుతుంటే."

లిబరేటర్లూ ఇప్పుడు దొరకడం కష్టమేనని నేను చెప్పాను. అవి కొలిమిలో పోయాయి, ఇవి బావిలో పోయాయి. కానీ లిబరేటర్లలో కొన్నింటిని జాగ్రత్త చేసి వేల డాలర్ల వెల కట్టుకున్నారు. ఒక మనిషి చేతి వేడి కూడా తగలని పిస్తోలు అద్దాల పెట్టెలో మెరుస్తోంది. తన భూమి కోసం నిలబడ్డవాడి చేతిలో పేలిన భర్మార్ బావి అడుగున తుప్పు పట్టింది. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. తుపాకీని పూజించమని అనడం లేదు. కాల్చడానికి కాదు, చెప్పుకోవడానికి అది కావాలి. ఎంత తక్కువతో ఎంత పెద్ద రాజ్యం ఎదుట నిలబడ్డారో పిల్లలకు విగ్రహం చెప్పలేదు. ఆ అతుకుల గొట్టాన్ని ఒక్కసారి దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది.

దిగి వచ్చేటప్పుడు ఫొటోను పెద్దాయన దగ్గరే వదిలేశాను. మనవడికి చూపిస్తానన్నాడు.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్ పల్లెల్లో ఉన్నవాళ్లకు ఒక మనవి. మీ అటక మీదో, గొడ్ల కొట్టం దూలానో తాతల నాటి భర్మార్ గొట్టం తుప్పుపట్టి ఉంటే పాత ఇనుప సామానుకు అమ్మకండి, భయపడి చెరువులో పడేయకండి. బాగు చేసినా పేలని, పాతకాలపు ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అయినా మీకు మీరే నిర్ణయించుకోకుండా తెలిసిన వకీలును తోడు పెట్టుకుని, జిల్లా పురావస్తు మ్యూజియం వాళ్లకు చూపించండి. మ్యూజియం వాళ్లకూ ఒక మాట. వస్తువు కింద చీటీలో వాడినవాడి పేరుతో పాటు చేసిన కమ్మరి పేరు కూడా రాయండి. వస్తువు లేకపోయినా పర్వాలేదు. మీ ఊరి ముసలి కమ్మరి దగ్గర కూర్చుని, ఆయన తాత పేరు అడిగి, ఈ ఎండాకాలం పోకముందే ఒక కాగితం మీద రాసి పెట్టండి.